టోపీ గీత దాటని కోత

చేత్తో చుట్టిన హవానా సిగార్‌కు ఒక కొస తెరిచి ఉంటుంది, రెండోది మూసి ఉంటుంది. తెరిచిన వైపు కాలు, అక్కడ నిప్పు పెడతారు. మూసిన వైపు తల, అది నోట్లోకి వచ్చేది. తల కోస్తే గాని పొగ రాదు. ఎంత కోయాలి, దేనితో కోయాలి అన్నది ఆ సిగార్ ఆకారాన్నీ లావునూ చూసి తేల్చుకోవాలి. చేతిలో ఏ కట్టర్ ఉంటే దానితోనే అన్నిటికీ ఒకే కోత వేసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. నారు పోసిన రోజు నుంచి ఎన్నో చేతులు మారి, నెలల తరబడి ఎండి, మాగి వచ్చిన ఆకు ఒక్క తప్పు నొక్కుతో చినిగిపోతుంది.

కత్తి తీసే ముందు తలను వెలుతురులో పట్టుకుని చూడాలి. క్యూబాలో సిగార్ చుట్టేవాణ్ణి టోర్సెడోర్ అంటారు. అతను లోపలి ఆకులను దగ్గరకు చేర్చి, వాటిని కట్టు ఆకులో చుట్టి, అచ్చులో నొక్కి, ఆ తర్వాత అన్నిటికన్నా నునుపైన పై ఆకును మెలికగా కాలి నుంచి తల దాకా చుట్టుకుంటూ వస్తాడు. తల దగ్గర ఆ ఆకు ఊడిపోకుండా నిలవాలి. అందుకోసం చావెటా అనే నెలవంక ఆకారపు కత్తితో అదే ఆకులోంచి చిన్న ముక్క కోసి, రుచీ వాసనా లేని జిగురుతో అంటిస్తాడు. అదే టోపీ. క్యూబా పనితనంలో ఈ చుట్టు ఒకదాని కింద ఒకటిగా రెండు మూడు సన్నటి గీతలై కనిపిస్తుంది. వాటిలో అన్నిటికన్నా కింది గీతను గుర్తు పెట్టుకోవాలి. మొత్తం పనికి అది సరిహద్దు.

కోతలో తీసేది టోపీ నెత్తిని మాత్రమే. టోపీ అంచు ఉంగరంలా సిగార్‌ను పట్టుకుని ఉండిపోవాలి. కత్తి ఆ గీతకు కిందికి దిగిందా, పై ఆకును పట్టి ఉంచేది ఇంకేమీ మిగలదు, నాలుగు దమ్ముల్లోనే మెలిక విప్పుకుంటుంది. బిందె ఒళ్లు నిటారుగా వచ్చి మెడ దగ్గర లోపలికి తిరిగినట్టే, సిగార్ ఒళ్లు కూడా తల దగ్గర భుజం తిరుగుతుంది. ఆ వంపు మీద, కొస నుంచి ఒకటిన్నర రెండు మిల్లీమీటర్లలోపు కోస్తే చాలు. భుజం దాటి నిటారు భాగంలోకి ఎప్పుడూ పోకూడదు.

ఆ తర్వాత ఆకు తేమ సంగతి. వేళ్ల మధ్య సుతారంగా నొక్కితే కొంచెం లొంగి మళ్లీ లేవాలి. చిటపటమని శబ్దం వస్తే ఎండిపోయినట్టు. అలాంటిదాన్ని ఎంత పదునైన కత్తితో కోసినా పగులుతుంది. తేమ 65 నుంచి 70 శాతం ఉండే పెట్టెలో కొన్నాళ్లు ఉంచడమే దానికి మందు. మన తెలుగు ఊళ్లలో ఎండాకాలపు గదిలో గానీ ఏసీ గాలిలో గానీ బయట వదిలేసిన సిగార్‌కు ఈ గతి త్వరగా పడుతుంది. ఒళ్లంతా బాగానే ఉండి టోపీ ఒక్కటే బిరుసుగా ఉంటే, తలను పెదాల మధ్య కొన్ని క్షణాలు ఉంచి తడిపితే ఆకు మెత్తబడుతుంది. చుట్టూ ఉన్న కాగితపు పట్టీని ఈ దశలో పీకకండి. దాని జిగురు పై ఆకుకు అంటుకుని ఉంటే ఆకూ లేచి వస్తుంది. కాలడం మొదలై ఒళ్లు వెచ్చబడ్డాక అది తనంతట తానే వదులవుతుంది.

లావును రింగ్ గేజ్‌లో చెబుతారు. ఒక రింగ్ అంటే అంగుళంలో 64వ వంతు. 64 రింగులైతే అంగుళం అడ్డుకొలత. కోహిబా రోబస్టో 50 రింగులు, అంటే దాదాపు 20 మిల్లీమీటర్లు. రోమియో వై హులియెటా చర్చిల్ 47, కరోనా 42, కోహిబా లాన్సెరో 38 మాత్రమే. ఈ అంకె తెలిస్తే పనిముట్టును ఎంచుకోవడం సగం అయిపోయినట్టే.

అన్నిటికన్నా ఎక్కువమంది వాడేది గిలెటిన్, అంటే అడ్డకోత. రెండు బ్లేడ్లది కొనండి. ఒకే బ్లేడున్నదానిలో కత్తి ఒకవైపు నుంచే తోస్తుంది, అవతలి వైపు ఆకు నలుగుతుంది. తలను రంధ్రంలో పెట్టి, రెండు బ్లేడ్లూ టోపీని ముట్టుకునేదాకా మెల్లగా మూయాలి. అక్కడ ఒక్క క్షణం ఆగి, కోసే చోటు టోపీ గీతకు పైనే ఉందో లేదో కంటితో చూసుకుని, అప్పుడు ఒక్క ఊపున నొక్కేయాలి. భయపడి మెల్లగా నొక్కితేనే ఆకు చినుగుతుంది. చేతికి ఇంకా నమ్మకం కుదరనివాళ్లకు ఒక ఉపాయం ఉంది. తెరిచిన కట్టర్‌ను బల్ల మీద పడుకోబెట్టి, గుండ్రటి తల ఉన్న సిగార్‌ను అందులో తలకిందులుగా నిటారుగా నిలబెట్టి నొక్కితే, బల్ల అడ్డం ఉంటుంది కాబట్టి కత్తి రెండు మిల్లీమీటర్లకు మించి తీసుకోలేదు. రోబస్టో, టోరో, చర్చిల్ లాంటి నిటారు సిగార్లకు ఈ అడ్డకోత ఎప్పుడూ మోసం చేయదు. మొదటిసారి కొనేవాళ్లు ఈ ఒక్క కట్టర్‌తో మొదలుపెడితే చాలంటాను. ఒక్క సంగతి చూసుకోవాలి: చాలా కట్టర్ల నోరు 54 రింగులకు మించి తెరుచుకోదు. 60 రింగుల గోర్డో 24 మిల్లీమీటర్ల లావు, దాన్ని ఇరుకు నోట్లో కుక్కితే కోసేలోపే టోపీ నలుగుతుంది. అక్కడ సిగార్ కత్తెర నయం, కాకపోతే ఒక చేత్తో సిగార్‌నూ మరో చేత్తో కత్తెరనూ ఒకే మట్టంలో నిలపడం అలవాటు కావాలి.

కరోనా, లాన్సెరో లాంటి సన్నవాటికి అడ్డకోత తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు. పంచ్ అంటే తల నడిమధ్య గుండ్రటి రంధ్రం తీసే చిన్న గొట్టపు కత్తి. దాని రంధ్రం సాధారణంగా 8 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 38 రింగుల తల మొత్తం అడ్డుకొలతే 15 మిల్లీమీటర్లు, అందులో భుజం వంపు పోతే మిగిలే చదును ఎంత? పంచ్ అంచు వంపు దగ్గరకు పోయి టోపీని చీలుస్తుంది. అదే పంచ్ 50 రింగుల సిగార్ మీద చక్కగా కూర్చుంటుంది. దాన్ని గుచ్చకూడదు. తల మీద ఆనించి, కొద్దిపాటి ఒత్తిడితో అటూ ఇటూ తిప్పుకుంటూ దిగాలి, మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగగానే తిప్పుతూనే బయటికి తీయాలి. టోపీ దాదాపు చెక్కుచెదరదు, నోట్లోకి ఆకు ముక్కలు రావు. లెక్క వేస్తే ఆ రంధ్రం తల వైశాల్యంలో ఆరో వంతే. 60 రింగుల సిగార్ మీదైతే తొమ్మిదో వంతు. పొగంతా ఆ చిన్న సందులోంచే రావాలి కాబట్టి తడీ తారూ రంధ్రం అంచుకే చేరి, సగం కాలేసరికి చేదు మొదలవుతుంది. అందుకే ఒళ్లు వదులుగా చుట్టిన సిగార్‌కు పంచ్ మంచిది, బిగువుగా చుట్టినదానికి శిక్ష.

వి కోత ఈ రెండింటికీ మధ్యస్థం. కత్తి టోపీలో లోతైన గాడి తీస్తుంది, వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. గాడికి రెండు గోడలు కాబట్టి లోపలి ఆకు బాగానే తెరుచుకుంటుంది, టోపీ అంచు మాత్రం చుట్టూ నిలిచే ఉంటుంది. 50 నుంచి 60 రింగుల దాకా ఉన్నవాటికి, పెట్టెలో నొక్కి నలుపలకలుగా చేసినవాటికీ నా ఎంపిక ఇదే. లావు సిగార్‌ను మొత్తం అడ్డంగా తెరిస్తే తెలియకుండానే పెద్ద దమ్ములు లాగుతాం, నిప్పు వేడెక్కి ఆకు కమ్మదనం మాడిపోతుంది. వి గాడి ఆ వేగాన్ని కొంత ఆపుతుంది. బ్లేడు మొద్దుబారితే మాత్రం అది కోయదు, చీలుస్తుంది. సన్న సిగార్‌లో మరీ లోతుకు దిగి తలను రెండుగా చేసేస్తుంది.

అగ్గిపుల్లతో పొడిచేవాళ్లూ ఉన్నారు. విన్‌స్టన్ చర్చిల్ తల కొసను తడిపి, పొడవాటి అగ్గిపుల్లతో రంధ్రం చేసి, అవతలి కొస నుంచి ఊదేవాడు. ఆయనకు నడిచింది. కానీ పుల్ల ఆకును తీసేయదు, పక్కకు తోసి కుక్కుతుంది. దమ్ము ఆ ఇరుకు దారిలోంచి సూటిగా నాలుక మీదికి వేడిగా వస్తుంది. పళ్లతో కొరకడం అంతకన్నా నష్టం. ఈ రెండూ కట్టర్ దొరకని చోట చేసే పనులు.

ఇక మొనతేలిన తలలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ, కోసేవాడి చేతిని నిజంగా పరీక్షించేదీ ఇదే. మోంటెక్రిస్టో నంబర్ 2 పొడవు 156 మిల్లీమీటర్లు, లావు 52 రింగులు. కాలి దగ్గర అంత లావున్న ఒళ్లు తల వైపు సన్నబడుతూ మొనగా ముగుస్తుంది. పై ఆకును ఆ వాలు మీద ముడత లేకుండా తిప్పడం కష్టం, అనుభవం పండిన టోర్సెడోర్లకే ఈ పని అప్పగిస్తారు. పంచ్‌కు ఇక్కడ చోటే లేదు. అడ్డకోత వేయాలి, కానీ కొలత మారుతుంది. నిటారు సిగార్ మీద వేసినట్టు రెండు మిల్లీమీటర్లు తీస్తే పెన్సిల్ మొనంత సందు మాత్రమే తెరుచుకుంటుంది. మొన మీద చుట్టు ఎక్కువ దూరం దిగి ఉంటుంది గనుక ఇక్కడ లోపలికి జరిగే వీలుంది. అయినా ఒక్కసారే జరగొద్దు. మొదట మూడు నాలుగు మిల్లీమీటర్లు తీసి, నిప్పు పెట్టకుండానే ఒక దమ్ము లాగి చూడాలి. గాలి ఇరుకుగా వస్తే ఇంకో మిల్లీమీటరు, మళ్లీ ఒక దమ్ము. తెరుచుకున్న నోరు ఒళ్లు లావులో సగానికి మించక్కర్లేదు. పొగ ఆ వాలు వెంట ఒక్కచోటికి చేరి నాలుకకు తగలాలనే కదా మొన చుట్టింది. మొత్తం కోసేస్తే ఆ పనివాడి కష్టాన్ని నేలపాలు చేసినట్టే. కొందరు ఏటవాలుగా కోస్తారు. నోరు వెడల్పవుతుంది గానీ ఒక వైపు కత్తి టోపీ గీతకు ప్రమాదకరంగా దగ్గరవుతుంది, అందుకే నేను సలహా ఇవ్వను.

రెండు కొసలూ మూసుకుపోయినట్టుండే పర్ఫెక్టోలకు తల వైపు ఇదే పద్ధతి. 1996లో లండన్‌లో మొదలైన క్వాబా బ్రాండ్ సిగార్లు దాదాపు అన్నీ ఈ ఆకారమే. కాలి వైపున్న సన్న మొనను కోయకండి, నిప్పు అక్కడే అంటుకుని ఒళ్లు లావయ్యేకొద్దీ వ్యాపిస్తుంది. లాన్సెరో, ట్రినిడాడ్ ఫుండాడోరెస్ తల మీద పై ఆకునే మెలితిప్పి పిలకలా వదులుతారు. ఆ పిలకను పట్టి లాగితే టోపీ వెంట వస్తుంది, దాని మొదలుకు కొంచెం కింద కత్తితో తీయడమే మేలు. పార్టగాస్ కులెబ్రాస్ అంటే జడలా అల్లిన మూడు సిగార్లు. ముందు దారం విప్పి వాటిని విడదీసి, ఒక్కోదాన్ని విడిగా, మామూలు సన్న సిగార్‌లాగే కోయాలి. ఇటలీ టోస్కానో నడుము లావు, రెండు కొసలూ సన్నం. చాలామంది దాన్ని నడుము దగ్గరే రెండు ముక్కలు చేసుకుంటారు, టోపీ లేదు కాబట్టి గీత బెడదా లేదు. మిషన్ మీద చేసిన చిన్న సిగార్లలో చాలావాటికి ఫ్యాక్టరీలోనే రంధ్రం ఉంటుంది.

మన చుట్టకు ఈ కోత అవసరమే రాలేదు, దానికి రెండు కొసలూ తెరిచే ఉంటాయి. గోదావరి లంకల్లో పండిన పొగాకు చుట్ట లండన్ దాకా పోయింది. 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి గుర్తుపట్టగలనని చెప్పే పొగాకుల్లో ఈ లంక చుట్ట ఒకటి. ఆ పేరు చెప్పుకున్నప్పుడు ఉత్తరాంధ్ర తీరపు అడ్డపొగను కూడా చెప్పుకోవాలి. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చిన ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్లను విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల పాటు నమోదు చేశారు. సిగార్ పొగను గుండెల్లోకి పీల్చకపోయినా నోటికీ, గొంతుకూ, అన్నవాహికకూ క్యాన్సర్ ముప్పు ఉంది, ఎంత చక్కగా కోసినా అది తగ్గదు. అలవాటు లేనివాళ్లు మొదలుపెట్టాలని ఇది రాయడం లేదు. దేశంలో 18 ఏళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మడం నేరం కూడా.

కోత అయ్యాక నిప్పు పెట్టకుండానే ఒక దమ్ము లాగి చూడటం అన్ని ఆకారాలకూ తప్పనిసరి. గాలి సాఫీగా, కొద్దిపాటి బిగువుతో రావాలి. అస్సలు రాకపోతే పంచ్ రంధ్రాన్ని అడ్డకోతగా మార్చుకోవచ్చు, అడ్డకోతను అర మిల్లీమీటరు లోపలికి జరపొచ్చు. తక్కువ కోసినదాన్ని సరిచేయొచ్చు, ఎక్కువ కోసినదాన్ని సరిచేసే పనిముట్టు లేదు. గీత దాటి కోత పడి పై ఆకు లేస్తున్నట్టు కనిపిస్తే, తడి వేలితో దాన్ని మెలిక తిరిగిన దిక్కులోనే రాసి అణచాలి, కాగితపు పట్టీని మెల్లగా తల వైపు జరిపి అక్కడ బిగించాలి. కొంత దూరం లాక్కొస్తుంది.

కట్టర్‌ను జేబులో వేసుకునే ముందు బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న ఆకు పొడిని ఊది, పొడి గుడ్డతో తుడవండి. పంచ్ గొట్టంలో మిగిలిన ముక్కను సన్న పుల్లతో తోసేయండి. అది అక్కడే ఎండిపోతే తర్వాతి సిగార్ మీద అంచు సరిగ్గా ఆనదు.