కీళ్లవాతం: రక్తపరీక్ష ఏం చెబుతుంది?

"రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇక మందెందుకు?" కీళ్లవాతం ఉన్నవారి ఇళ్లలో మనం తరచుగా వినే మాట ఇది. ఇలా మందు మానేసినవారిలో జబ్బు తిరగబెట్టి వేళ్లు వంకరపోవచ్చు. అందుకే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఏ పరీక్ష దేనికో తెలుసుకుందాం.

ఆర్.ఎఫ్., యాంటీ సీసీపీ పరీక్షలు జబ్బును గుర్తించడానికి తోడ్పడతాయి. జబ్బు తగ్గాక కూడా ఇవి పాజిటివ్‌గానే ఉండవచ్చు. కనుక వీటిని నెలనెలా చేయించనక్కరలేదు.

జబ్బు జోరును ఈ.ఎస్.ఆర్., సీఆర్‌పీలతో గమనిస్తారు. నిలువు గొట్టంలో ఎర్రకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో ఈ.ఎస్.ఆర్. చెబుతుంది. వయసు, రక్తహీనత వల్ల కూడా ఇది పెరుగుతుంది. సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రోటీన్. వాపుతో త్వరగా పెరిగి, వాపు తగ్గగానే త్వరగా దిగుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది.

కొందరికి కీళ్లు వాచి ఉన్నా ఈ రెండూ మామూలుగానే ఉంటాయి. అందుకే వైద్యులు 28 కీళ్లను నొక్కి చూసి, నొప్పి ఉన్నవీ వాచినవీ లెక్కపెట్టి, రోగి చెప్పేది విని, రక్తపరీక్షతో కలిపి డీఏఎస్ 28 స్కోరు వేస్తారు. 2.6 కంటే తక్కువైతే జబ్బు అణిగి ఉన్నట్టు, 5.1 దాటితే తీవ్రంగా ఉన్నట్టు.

మెథోట్రెక్సేట్ వాడేవారు రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు కూడా మానకూడదు. రిపోర్టుతోపాటు, పొద్దున లేవగానే వేళ్లు ఎంతసేపు బిగుసుకుంటున్నాయో డాక్టరుకు చెబుదాం. ఆయన చెప్పనిదే మందు ఆపవద్దు.