సమాంతర యంత్రములు: ఒక మిల్లీమీటరు లోపము

మన చేయి భుజము, మోచేయి, మణికట్టు అను కీళ్లతో ఒకదాని చివర నొకటిగా కూర్పబడినది. కర్మాగారములలోని రోబోటు చేతులు పెక్కు ఈ విధముగనే నిర్మింపబడినవి. వీనిలో మొదటి కీలు తప్పు చివరివరకు ప్రాకును. మీటరు పొడవుగల చేయి మొదటి కీలువద్ద డిగ్రీలో పదియవవంతు తప్పినచో, కొసన సుమారు 1.75 మిల్లీమీటర్లు తప్పును.

మరియొక విధమగు యంత్రము కలదు. అందు ఒక పీఠమునుండి పెక్కు కాళ్లు లేచి ఒకే పలకను మోయును. కాళ్ల పొడవులు మారగా పలక కదలును. దీనికి సమాంతర యంత్రమని పేరు. ఇంగ్లండులో గఫ్ అను ఇంజనీరు టైర్లను పరీక్షించుటకై 1950 దశకములో ఇట్టి ఆరు కాళ్ల యంత్రమును నిర్మించెను. నేడు విమానచోదకులకు నేలపై శిక్షణ నిచ్చు వేదికలు పెక్కు ఇట్టివే.

ఇందు ఒక కాలి తప్పుపై మరియొక కాలి తప్పు పేరుకొనదు గనుక, ఇది ఎల్లప్పుడు నిక్కచ్చిగా నుండునని మేము తలచితిమి. ఆ తలంపు ఒకనాడు తరగతిలో చెదరినది.

బల్లపై 960 మిల్లీమీటర్ల దూరమున రెండు మేకులు గొట్టి, ఒక్కొక్క మేకునకు ఒక వెదురుబద్దను తగిలించి, బద్దల పై కొసలను కలిపితిమి. ఇవియే కాళ్లు. పిమ్మట ఒక్కొక్క మిల్లీమీటరు అధికముగా నున్న బద్దలను మార్చి చూడుమంటిమి. మిక్కిలి పొట్టి బద్దలతో కొలిచిన బాలుడు కొస 31 మిల్లీమీటర్లు లేచినదని వ్రాసెను. అశ్రద్ధగా కొలిచితివని వానిని మందలించితిమి.

ఆ రాత్రి లెక్క వేసితిమి. కర్ణము వర్గమునుండి భూమి వర్గమును తీసివేయగా లంబము వర్గము వచ్చును. ఇచ్చట భూమి 480.

బద్దలు 800 అయినచో లంబము 640. 801 అయినచో 641.25. పెరుగుదల 1.25 మాత్రమే.
బద్దలు 500 అయినచో లంబము 140. 501 అయినచో 143.5. పెరుగుదల 3.5.
బద్దలు 480 అయినచో అవి ఒకే గీతపై పరుండును, లంబము సున్న. 481 అయినచో సరిగా 31!

బాలుడు వ్రాసినదే సత్యము. మరునాడు తరగతి యెదుట మా తప్పు నొప్పుకొంటిమి.

లోప మొక్కటియే; కాళ్లు నిలిచిన స్థితినిబట్టి దాని ఫలము మారినది. కనుక ఇంజనీర్లు అట్టి స్థితులకు పలకను దూరముగా నుంచెదరు. ప్రతి కాలి నిజమైన పొడవును, ప్రతి కీలు నిజమైన స్థానమును కొలిచి కంప్యూటరునకు తెలిపెదరు. అందుచే మారని లోపములు దిద్దబడును. కీళ్లలోని వదులును, వేడిచే కలుగు సాగుదలయు అంత సులభముగా లొంగవు.

ఇది ఆటవస్తువుల సంగతి కాదు. వంకరయైన కాలి యెముకను సరిచేయుటకు వైద్యులు రెండు వలయములను ఆరు కమ్మీలతో కలిపి కాలికి బిగించి, కమ్మీల పొడవులను దినదినము కొద్దికొద్దిగా మార్పించెదరు. అచ్చటి కొలతపై ఒక మనుష్యుని నడక ఆధారపడియున్నది.

అభ్యాసము: పై మేకులకే 600 మిల్లీమీటర్ల బద్దలను తగిలించిన లంబ మెంత? 601 అయినచో నెంత పెరుగును? ముందు కొలువుడు, పిమ్మట లెక్కింపుడు.