చిట్టాలోని పేరు

ప్రవేశిక

బ్యాంకు ఖాతాలు, భూమి రికార్డులు, పరీక్షల మార్కులు నేడు కంప్యూటర్లలోనే భద్రపరచబడుతున్నాయి. వాటిలో అనుమతి లేని మార్పు జరిగినప్పుడు దర్యాప్తు అధికారికి కలిగే మొదటి ప్రశ్న "ఆ వేళ కంప్యూటర్‌లోకి ఎవరు ప్రవేశించారు?" అన్నది. ఈ ప్రశ్నకు సమాధానం వెదికే విధానాన్నీ, ఆ సమాధానానికి గల పరిమితినీ ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠం

పూర్వం కార్యాలయ ద్వారం వద్ద రాకపోకల రిజిస్టరు ఉండేది. వచ్చినవారు అందులో తమ పేరు, వచ్చిన వేళ రాసి సంతకం చేసేవారు. కంప్యూటర్ కూడా అటువంటి రిజిస్టరును తనంతట తానే రాసుకుంటుంది. దానిని లాగ్ అంటారు. తెలుగులో చిట్టా అనవచ్చు. ఏ పేరుతో ప్రవేశం జరిగింది, ఏ తేదీన, ఏ క్షణాన, ఏ యంత్రం నుండి, పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా అన్న వివరాలు ఈ చిట్టాలో నమోదవుతాయి.

అయితే పాత రిజిస్టరుకూ ఈ చిట్టాకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ద్వారం వద్ద కావలివాడు వచ్చినవారి ముఖం చూసేవాడు. పాస్‌వర్డ్‌తో తెరుచుకునే కంప్యూటర్ ముఖం చూడదు. తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వారికి తాళం తెరుచుకున్నట్లే, పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివారినీ అది ఆ పేరు గల వ్యక్తిగానే భావిస్తుంది. కనుక చిట్టా చెప్పేది పేరు మాత్రమే. ఆ పేరు వెనుక ఉన్న మనిషిని కనుగొనడమే దర్యాప్తు.

విండోస్ కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే సాధనం ద్వారా భద్రతా చిట్టాను చూడవచ్చు. అందులో ప్రతి సంఘటనకు ఒక సంఖ్య ఉంటుంది. 4624 అంటే ప్రవేశం సఫలమైనదని అర్థం. 4625 అంటే ప్రయత్నం విఫలమైనదని అర్థం. 4634 నిష్క్రమణను సూచిస్తుంది. ప్రవేశించిన తీరు కూడా అందులో నమోదవుతుంది. రకం 2 అయితే ఆ కంప్యూటర్ ముందే కూర్చొని ప్రవేశించినట్లు, రకం 10 అయితే దూరం నుండి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ప్రవేశించినట్లు తెలుసుకోవచ్చు. లినక్స్ కంప్యూటర్లలో 'లాస్ట్' అనే ఆదేశం ప్రవేశాల పట్టికను చూపుతుంది. విఫల ప్రయత్నాలను 'లాస్ట్‌బి' అనే ఆదేశం చూపుతుంది. ఒకే పేరుపై వందల కొద్దీ విఫల ప్రయత్నాలు జరిగి, ఆ వెంటనే ఒక ప్రవేశం సఫలమైతే, ఎవరో పాస్‌వర్డ్‌ను ఊహించి ప్రవేశించారేమోనని అనుమానించాలి. దుండగుడు చిట్టాను చెరిపివేసినా, విండోస్‌లో ఆ చెరిపిన చర్యయే 1102 సంఖ్యతో నమోదవుతుంది.

కాలం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అనేక యంత్రాలు సమయాన్ని అంతర్జాతీయ ప్రమాణ కాలంలో నమోదు చేస్తాయి. భారత కాలం దానికంటె 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. చిట్టాలో రాత్రి 10 గంటల 40 నిమిషాలని ఉంటే, మన గడియారం ప్రకారం అది మరునాటి తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలు. ఈ లెక్క తప్పితే, ఇంట్లో నిద్రిస్తున్న ఉద్యోగి ఆ వేళ కార్యాలయంలో ఉన్నట్లు తేలవచ్చు. ఆ సమయంలో అక్కడ లేని వ్యక్తిపై నింద పడవచ్చు.

చిట్టాలోని పేరు వేరు, మనిషి వేరు అన్న సత్యం చాలాకాలం క్రితమే వెల్లడైనది. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ వినియోగపు లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ స్వల్ప భేదాన్ని విడిచిపెట్టలేదు. చిట్టాలను పరిశీలించగా, అప్పటికి ఇంగ్లండులో ఉన్న ఒక పాత ఉద్యోగి పేరుతో ఎవరో ప్రవేశిస్తున్నట్లు తేలింది. పేరును మాత్రమే నమ్మి ఉంటే ఆ ఉద్యోగియే దోషిగా నిలిచేవాడు. స్టోల్ బయటి నుండి వచ్చే తంతులకు ప్రింటర్లను అమర్చి, ఆగంతకుడు తాకలేని కాగితంపై ప్రతి అక్షరాన్నీ నమోదు చేయించాడు. నెలల తరబడి సాగిన అన్వేషణ చివరకు జర్మనీలోని హానోవర్ నగరానికి దారితీసింది.

ఇటువంటి ప్రశ్న హైదరాబాదులోనూ ఎదురైనది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ సంస్థ అధ్యక్షుడు లెక్కల్లో మోసం జరిగినదని లేఖ ద్వారా వెల్లడించాడు. తరువాత దర్యాప్తు జరిపిన కేంద్ర నేర పరిశోధక సంస్థ, సంస్థ బిల్లుల వ్యవస్థలో 7,561 బూటకపు ఇన్‌వాయిస్‌లను గుర్తించింది. వాటికి ప్రత్యేక గుర్తు పెట్టి, సాధారణ ఉద్యోగులకు కనిపించకుండా దాచారు. ఇందుకు ఉపయోగపడినది 'సూపర్ యూజర్' ప్రవేశం. సూపర్ యూజర్ అన్నది ఒక మనిషి పేరు కాదు, ఒక అధికారానికి పేరు. అందువల్ల ఆ పేరు వెనుక ఉన్నవారిని ఇతర ఆధారాలతో కలిపి నిర్ధారించవలసి వచ్చింది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం ఈ కేసులో పదిమందిని దోషులుగా ప్రకటించింది. ఆ తీర్పుపై అప్పీళ్లు దాఖలైనవి.

2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకు నుండి దుండగులు 12 కోట్ల 48 లక్షల రూపాయలు కాజేశారు. అంతకు రెండు నెలల ముందే ఉద్యోగులకు మోసపూరితమైన ఈ-మెయిళ్లు పంపి, వాటిని తెరిచినవారి కంప్యూటర్ల ద్వారా లోపలికి చొరబడినట్లు పోలీసులు వెల్లడించారు. ఆ బ్యాంకులో పదిమందికి సూపర్ యూజర్ హక్కులు ఉండడాన్నీ, వారిలో కొందరు ఒకే పాస్‌వర్డ్ వాడడాన్నీ పోలీసులు లోపాలుగా ఎత్తిచూపారు. ఇటువంటి సందర్భంలో చిట్టాలో కనిపించేది ఉద్యోగి పేరు. పని చేసినది ఎక్కడో ఉన్న అపరిచితుడు. 2023లో రిజర్వు బ్యాంకు సైబర్ భద్రతా నియమాల ఉల్లంఘనకు ఈ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

కనుక వివేకవంతుడైన అధికారి చిట్టాను ఒంటరి సాక్షిగా నిలబెట్టడు. యంత్రపు ఐ.పి. చిరునామా, ద్వారం వద్ద కెమెరా దృశ్యాలు, హాజరుపట్టిక, సెలవు పత్రం మొదలైన వాటితో దానిని సరిచూస్తాడు. అసలు చిట్టాను తాకక, దాని నకలును పరిశీలిస్తాడు. నకలుకు హాష్ అనే గణిత విలువను లెక్కకట్టి నమోదు చేస్తాడు. తరువాత ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారి, మార్పు బయటపడుతుంది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా సమర్పించేటప్పుడు హాష్ విలువతో కూడిన ధ్రువపత్రం జతపరచాలని నిర్దేశిస్తున్నది. సంస్థలు తమ చిట్టాలను కనీసం 180 రోజులు భద్రపరచాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ ఆదేశించింది.

చిట్టాను చదవడం నిపుణుల పని కావచ్చును గాని, దానిని చదవదగినదిగా ఉంచడం ప్రతి వినియోగదారుని బాధ్యత. కడప జిల్లాలోని కొండాపురం వంటి మండల కేంద్రంలో నలుగురు పనిచేసే చిన్న కార్యాలయానికైనా, హైదరాబాదులోని పెద్ద బ్యాంకుకైనా నియమం ఒక్కటే. పని తొందరలో ఒకరి పాస్‌వర్డ్‌ను మరొకరికి చెప్పడం స్నేహధర్మంగా కనిపించవచ్చు. కాని నలుగురు ఒకే పేరుతో ప్రవేశించినచోట, ఒకరు తప్పు చేస్తే నలుగురూ అనుమానితులవుతారు. తప్పు చేసినవాడు ఆ నలుగురి నడుమ దాగుకొంటాడు. ఒక మనిషికి ఒక పేరు, ఒక పేరుకు ఒక రహస్య పదం అన్న క్రమశిక్షణ దోషిని పట్టించడానికి ఎంత అవసరమో, నిర్దోషిని కాపాడడానికీ అంతే అవసరం.

అర్థాలు

చిట్టా : రోజువారీ లెక్కల పుస్తకం, నమోదు పట్టిక
నిష్క్రమణ : బయటకు వెళ్లడం
ఆగంతకుడు : అపరిచితుడుగా వచ్చినవాడు
బూటకపు : అబద్ధపు, నకిలీ
ధ్రువపత్రం : నిజమని తెలిపే పత్రం

ప్రశ్నలు

1. రాకపోకల రిజిస్టరుకు, కంప్యూటర్ చిట్టాకు గల భేదమేమి?
2. స్టోల్ చిట్టాను కాగితంపై నమోదు చేయించడంలోని ప్రయోజనమేమి?
3. సూపర్ యూజర్ ప్రవేశం దర్యాప్తును ఎందుకు క్లిష్టం చేస్తుంది?
4. "చిట్టా క్రమశిక్షణ నిర్దోషిని కాపాడుతుంది." ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.