ఎల్క్‌మాంట్ వెళ్ళే ముందు

షార్లెట్,
సెప్టెంబరు నెల

శ్రావ్యా,

మీరు ట్రైలర్ కొన్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఫోటోలు చూశాను. 24 అడుగుల బండి, రెండు ఇరుసులు, లోపల పాతకాలపు గ్యాస్ ఫ్రిజ్. ఇల్లాలికి నచ్చే బండే. అక్టోబరు సెలవులకి మీ అత్తగారినీ మామగారినీ తీసుకుని స్మోకీ మౌంటెన్స్‌లో ఎల్క్‌మాంట్‌ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్తున్నారట. అల్లుడుగారు హిచ్ తగిలించడం, అద్దాల్లో చూస్తూ వెనక్కి తోలడం వీడియోలు పెట్టుకుని నేర్చుకుంటున్నారని విన్నాను. మంచిదే. వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు. సైట్‌కి చేరాక బండిని మట్టంగా నిలబెట్టడం గురించి మాత్రం చెప్పాలనిపించి ఈ ఉత్తరం. అది అరగంట పని. మనుషులకి దెబ్బలు తగిలేదీ, వస్తువులు పాడయ్యేదీ ఎక్కువగా ఆ అరగంటలోనే.

మట్టం దేనికి అని నువ్వు అడుగుతావని తెలుసు, చిన్నప్పటి నుంచీ నీది ఆ బుద్ధే. నిద్ర సంగతి అందరికీ తెలుసు: తల పల్లంలో ఉంటే తెల్లారేసరికి తల బరువెక్కుతుంది. స్నానం నీళ్ళు తూము వైపు పోకుండా మూలకి చేరతాయి. తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ట్యాంకులో నీళ్ళెన్ని ఉన్నాయో చూపే దీపాలు అబద్ధం చెబుతాయి. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఫ్రిజ్.

మీ ఫ్రిజ్‌లో కంప్రెసర్ లేదు, మోటారు లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు, ఫాన్ ప్లాటెన్, మున్టర్స్, 1922లో కనిపెట్టిన పద్ధతి అది. చల్లదనం కోసం మంట పెట్టడమన్నమాట! గ్యాస్ మంట వేడికి నీళ్ళలో కరిగిన అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది, పైన చల్లబడి ద్రవమవుతుంది, హైడ్రోజన్ ఉన్న గొట్టంలో మళ్ళీ ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది, చివరికి నీళ్ళలో కలిసి కిందికి జారి మొదటికొస్తుంది. ఆ జారడమంతా భూమ్యాకర్షణ పుణ్యమే. గొట్టాల వాలు చాలా తక్కువ. బండి ఒరిగితే ద్రవం దారిలో ఎక్కడో నిలిచిపోతుంది, కింద మంట మాత్రం ఆగదు. మరిగే పాత్ర ఎండి కాగిపోతుంది. గొట్టాలు తుప్పు పట్టకుండా అందులో కలిపిన రసాయనం గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఒకసారి మూసుకుంటే బాగుచేయడానికి ఉండదు. కూలింగ్ యూనిట్ మార్చాలంటే కూలీతో కలిపి వెయ్యి డాలర్లు సులువుగా దాటుతుంది. దారిలో నడుస్తున్నప్పుడు బండి కుదుపులకి ద్రవం అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది కాబట్టి భయం లేదు. నిలబడ్డాకే గొడవ. పైగా ఎల్క్‌మాంట్‌లో సైట్‌కి కరెంటు, నీటి కనెక్షన్లు ఉండవు, మీ ఫ్రిజ్ పగలూ రాత్రీ గ్యాస్ మీదే నడవాలి.

ఇలాంటి ఫ్రిజ్‌లలో చాలావాటికి తలుపు ఎదురుగా నిలబడి చూస్తే పక్కలకి 3 డిగ్రీలు, ముందు వెనుకలకి 6 డిగ్రీలు దాటకూడదంటారు. మీ ఫ్రిజ్ పక్క గోడకి ఉంది. అంటే దానికి పక్కలు అయినవి బండికి ముందు వెనుకలన్నమాట. ఈ లెక్క చాలామంది తిరగేసి పట్టుకుంటారు. నువ్వు ఎటైనా 3 డిగ్రీలే హద్దు అనుకో, చిక్కుండదు. కుడి ఎడమ చక్రాల మధ్య దూరం 72 అంగుళాలనుకుంటే ఒక డిగ్రీ అంటే అంగుళంపావు ఎత్తు. మూడు డిగ్రీలంటే నాలుగు అంగుళాలకి కాస్త తక్కువ. ఆ వాలు కంటికే తెలిసిపోతుంది. కాబట్టి రసమట్టంలో బుడగ సరిగ్గా నడిమధ్యకి వచ్చేదాకా చీకట్లో కుస్తీ పట్టకండి. బుడగ సగం గీత దాటినా మీ అత్తగారి కాఫీ గ్లాసు జారిపోదు. కొందరు పక్క సైట్ వాళ్ళు చూస్తున్నారని గంటసేపు సరిచేస్తూనే ఉంటారు. అది మట్టం కాదు, పట్టింపు.

బండి బయట అంటించి ఉన్న బుడగలని నమ్మకు. పాత యజమాని ఎప్పుడు, ఏ నేల మీద అంటించాడో. ఇంటి దగ్గరే ఫ్రీజర్ అడుగున చిన్న రసమట్టం పెట్టి, అది రెండువైపులా సరిగ్గా వచ్చేలా బండిని నిలిపి, అప్పుడు బయట కొత్తవి రెండు అంటించుకోండి: ఒకటి ముందు భాగం మీద అడ్డంగా, ఒకటి పక్కన నిలువునా. ఫోన్లోనూ మట్టం చూపే సౌకర్యం ఉంది కానీ వెనక కెమెరా ఉబ్బు వల్ల వెల్లకిలా పెడితే తప్పు చూపుతుంది, అంచు మీద నిలబెట్టి చూడాలి. బ్లూటూత్ మట్టాలు కూడా దొరుకుతున్నాయి, ఏ వైపు ఎన్ని అంగుళాలు లేపాలో ఫోన్లో చెబుతాయి. హాయిగానే ఉంటాయి. మొదటి ఏడాది మాత్రం కొనొద్దు. బుడగ ఎప్పుడూ ఎత్తు వైపే పోతుందని, చక్రాల కింద దిమ్మలు దానికి ఎదురు వైపు పెట్టాలని మీ చేతులకి అలవాటు కావాలి.

ఇక చేసే వరస. దీన్ని మాత్రం మార్చొద్దు.

చేరగానే ముందు దిగి సైటంతా నడిచి చూడండి. బుక్ చేసుకున్న సైట్ వివరాల్లో డ్రైవ్‌వే వాలు కొద్దిగానా, ఎక్కువా అని కూడా రాసి ఉంటుంది, ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక్కోసారి బండిని రెండడుగులు ముందుకో వెనక్కో జరిపితే సగం పని అయిపోతుంది.

తర్వాత కుడి ఎడమలు, ట్రక్కుకి తగిలించి ఉండగానే. పల్లంగా ఉన్న వైపు రెండు చక్రాల కిందా దిమ్మలు పెట్టాలి, ఒక్కదానికే పెడితే బరువంతా ఒక టైరు మీద, ఒక ఇరుసు మీద పడుతుంది. ఒకదానిలో ఒకటి ఇమిడే ప్లాస్టిక్ పలకలైతే ఒక్కొక్క వరస అంగుళం ఎత్తు లేపుతుంది. మూడు వరసలు కావాలంటే అడుగున మూడు, మధ్యన రెండు, పైన ఒకటి, మెట్లలాగా. టైరు అడుగంతా పలక మీదే కూర్చోవాలి, అంచు గాల్లో వేలాడితే లోపలి తీగలు దెబ్బతింటాయి. వంపు తిరిగిన లెవెలర్లు కూడా ఉన్నాయి. వాటి మీదికి మెల్లగా ఎక్కిస్తూ, బుడగ మధ్యకి రాగానే ఆపి, వెనక మేకులాంటి ముక్క దోపడమే. నాలుగంగుళాల దాకా లేపుతాయి. మీకు రెండు కావాలి. లెక్కపెట్టి పలకలు పేర్చే పని ఉండదు కాబట్టి నా ఓటు వీటికే. అల్లుడుగారు తోలుతుంటే నువ్వు ఆయన అద్దంలో కనిపించే చోట నిలబడి చెప్పు. ఏ మాటలు వాడాలో ముందే అనుకోండి. మన బస్సు కండక్టర్ల "రైట్ రైట్", "హోల్డాన్" కంటే మంచి మాటలు నాకైతే తెలియవు. నువ్వు కనిపించకపోతే బండి ఆపేయాలి, అదొక్కటీ ఆయనకి గట్టిగా చెప్పు.

పక్కలు సరిపోయాక అడ్డు చెక్కలు. ఘాట్ రోడ్డు మీద లారీ ఆగీ ఆగకముందే క్లీనర్ కుర్రాడు దూకి చక్రం కింద చెక్క పెట్టేవాడు, గుర్తుందా? నువ్వూ అంతే. దిమ్మలు పెట్టని వైపు చక్రాలకి ముందూ వెనకా బిగించి పెట్టు, వీలైతే రెండో వైపు కూడా. రెండు టైర్ల మధ్య బిగించే ఇనుప పరికరం ఉంటుందే, అది ఊపు తగ్గించడానికి, అడ్డు చెక్కకి బదులు కాదు. హిచ్ విప్పిన క్షణాన ట్రైలర్‌ని ఆపేది ఇవే. ట్రక్కు బ్రేకు అప్పుడు ట్రైలర్‌కి ఏమీ కాదు. చెక్కలు పెట్టారో లేదో హిచ్ మీద చెయ్యి వేసేవాళ్ళు స్వయంగా వెళ్ళి చూడాలి, "పెట్టావా?" అని అరిచి అడగడం కాదు. పిల్లలు అప్పుడు బల్ల దగ్గర కూర్చోవాలి. మామగారు సాయానికి వస్తానంటారు, ఆయనకి పిల్లల్ని చూసే పని అప్పగించు.

ఇప్పుడు ముందు జాక్‌తో ముక్కు లేపి హిచ్ విప్పండి. జాక్ కింద మందపాటి చెక్క ఉంటే నేలలో దిగబడదు, జాక్ పొడవూ కలిసొస్తుంది. హిచ్ బంతి నుంచి విడిపోయిన ఎత్తు దగ్గర జాక్ మీద ఒక గుర్తు పెట్టుకోండి, తిరిగి వెళ్ళే రోజు ట్రక్కు తగిలించేటప్పుడు ఎంతెత్తుకి లేపాలో ఊహించే పని ఉండదు. ట్రక్కు పక్కకి తీశాక, జాక్ ఎత్తో దించో ముందు వెనుకల మట్టం చూసుకోండి. ఇది ఒక బొత్తాం పని.

చిట్టచివరికి నాలుగు మూలల కాళ్ళు. కత్తెరలా తెరుచుకునే ఆ జాకులు మనం లోపల నడిస్తే బండి ఊగకుండా ఉండటానికే. వాటితో బండిని లేపి మట్టం చేయాలని చూస్తే చట్రం మెలి తిరుగుతుంది. నేల తాకాక ఇంకో అర చుట్టు, చాలు. తలుపు చౌకట్టుకి పట్టేస్తోందంటే ఎక్కడో ఒక కాలు ఎక్కువ బిగించారన్నమాట. పక్క గది బయటికి జరిపే బొత్తాం బండి మట్టంగా నిలిచాకే నొక్కాలి, మీ బండి పుస్తకంలో మూలల కాళ్ళకి ముందో తర్వాతో చూసుకో. వాన పడితే మర్నాడు బుడగ ఒకసారి చూడు, మెత్తటి నేలలో దిమ్మలు కూరుకుపోతాయి.

మీ స్నేహితులు అద్దె మోటర్‌హోమ్‌లో వస్తున్నారన్నావు. అద్దె బండికి జాకులు ఉండకపోవచ్చు, చక్రాల కింద ర్యాంపులు పెట్టుకుని ఎక్కించడమే దారి. వెనక చక్రాలు జంటగా ఉంటాయి కాబట్టి రెండు టైర్లూ ఆనేంత వెడల్పు దిమ్మ కావాలి. ఒకవేళ జాకులున్న బండి వస్తే ఒక్కటే మాట: వెనక చక్రాలు నేల వదలకూడదు. ఆ బండ్లకి పార్కింగ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, అవి గాల్లోకి లేస్తే బండిని ఆపేది ఏదీ ఉండదు, జాకుల మీద నుంచి దొర్లిపోతుంది. వెనక పల్లంగా ఉంటే మొదట వెనక చక్రాల కింద దిమ్మలు పెట్టి, మిగతాది జాకులకి వదలమను.

తిరుగు ప్రయాణం రోజు ఇదే వరస వెనక నుంచి. మూలల కాళ్ళు ఎత్తడం, జాక్ గుర్తు దాకా లేపి ట్రక్కు తగిలించడం, తగులుకుందని లాగి చూసుకున్నాకే అడ్డు చెక్కలు తీయడం, దిమ్మల మీద నుంచి మెల్లగా దిగడం. ఎన్ని పలకలు తెచ్చారో అన్నీ లెక్కపెట్టి సంచిలో వేయించు, ఆకుల కింద ఒకటి రెండు ఉండిపోతాయి.

మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పి అన్నావు కదా. గుమ్మం ఉన్న వైపు చక్రాలు లేపితే మెట్టు కూడా అంత ఎత్తు అవుతుంది. మడత మెట్టు కింద పెట్టడానికి వెడల్పాటి పీట ఒకటి పట్టుకెళ్ళు. బయల్దేరే ముందు శనివారం మీ వీధిలో కాస్త వాలుగా ఉన్నచోట ఇదంతా ఒకసారి పగటి వెలుతురులో చేసి చూడండి. ఎల్క్‌మాంట్‌లో ఫోన్ సిగ్నల్ దాదాపు దొరకదు, అడిగేదేమైనా ఉంటే గాట్లిన్‌బర్గ్ దాటకముందే ఫోన్ చెయ్యి. పిన్ని మీకోసం పులిహోర పొడి, కంది పొడి పోస్టులో పంపింది.

ఇట్లు,
మీ బాబాయి