వానకంటే ముందు వాలు చూడు

చిరంజీవి మేనకోడలికి,

బస్తర్‌లోని జగదల్‌పూర్ శివార్లలో మూడెకరాల పూలతోట నీ చేతికి వచ్చిందనీ, ఏ నెలలో ఏది నాటాలో, ఎప్పుడు కత్తిరించాలో, ఎప్పుడు ఎరువు వెయ్యాలో పన్నెండు నెలలకూ ఒక పట్టిక రాసి పంపమనీ అడిగావు. పట్టిక రాయడం కష్టం కాదమ్మా, అది అక్కడ పనికి రావడమే కష్టం. నీ తోట ఒక గట్టు మీద మొదలై వాగు ఒడ్డున ముగుస్తుందని నువ్వే రాశావు. అలాంటి నేల మీద ఆగస్టులో మెరకన ఉన్న గులాబీ కొత్త చిగురు వేస్తుంటే, వంద గజాల దిగువన అదే రోజు నాటిన అదే రకం గులాబీ వేరుకుళ్లు పట్టి ఆకులు రాలుస్తుంది. ఫిబ్రవరిలో మెరక మట్టి పిడికిట్లో నిలవదు, పల్లంలో గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది. పైన వానాకాలం ముగిసిన రెండు నెలలకు గాని కింద ముగియదు. కాబట్టి ముందు తోటను ఎత్తుపల్లాల ప్రకారం విడగొట్టు, ఆ తర్వాత ఒక్కో భాగానికి విడిగా పట్టిక రాసుకో. బస్తర్‌లో పూలతోటకు నెలకంటే వాలు ముఖ్యం.

అక్కడి వానను లెక్కలో చూస్తే ఇలా ఎందుకంటున్నానో తెలుస్తుంది. ఆ ప్రాంతంలో ఏటా సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఒక్కో ఎకరం మీద దాదాపు 56 లక్షల లీటర్ల నీళ్లు. అందులో ఐదింట నాలుగు వంతులు జూన్, సెప్టెంబరు మధ్యే కురిసిపోతాయి. మొక్క నాలుగు నెలలు మునకను, ఎనిమిది నెలలు దాహాన్ని తట్టుకోవాలి. ఏ మొక్కకు ఏది ఎంత అన్నది వాలే తేలుస్తుంది. అందుకే బస్తర్ రైతులు నేలను నాలుగు మెట్లుగా చూస్తారు. పైన గరుకు నేల మర్హాన్, దాని కింద ఇసకపాలు ఎక్కువున్న టిక్రా, ఆ దిగువ కాస్త సారవంతమైన మాల్, అట్టడుగున నీరు నిలిచే బంకనేల గభార్. చిరుధాన్యాలూ వలిసెలూ పై మెట్లకు, మధ్యకాలపు వరి మాల్‌కు, ఎక్కువ రోజులు తీసుకునే వరి గభార్‌కు. ఒకే ఊళ్లో ఒకే వారంలో ఒకడు కోస్తుంటాడు, ఇంకొకడి చేలో ఇంకా నీళ్లుంటాయి. తిండిగింజల మీద తరతరాలుగా పరీక్షకు నిలిచిన ఈ విభజన పూలకు వర్తించకపోవడానికి కారణం లేదు. వరి వేరుకైనా మల్లె వేరుకైనా నీటి లెక్క ఆ నేలదే.

ఇప్పుడు మెట్టు మెట్టుకూ పూలు చూద్దాం. మర్హాన్ మీద కాగితపు పూలు, గన్నేరు, దేవగన్నేరు, రేల పెట్టు. కాగితపు పూలతీగకు నీళ్లెక్కువైతే ఆకు పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది. ఆ నేల కరువే దానికి మేలు. గన్నేరు విషమొక్క, పశువులు తిరిగే దారి పక్కన వద్దు. టిక్రా మీద మల్లె, బంతి, చామంతి, గులాబీ ఎత్తు కట్టల మీద వెయ్యి. గులాబీని వానలు వెనకబట్టాక అక్టోబరులో కత్తిరించు. మల్లెను శీతాకాలంలో నీళ్లు ఆపి ఎండగట్టి, తర్వాత కత్తిరించి ఎరువు వేస్తే మార్చి నుంచి మొగ్గ పడుతుంది. టిక్రాలోనే ఒక చెక్క వలిసెలకు వదిలెయ్యి. అరకు లోయలో జనం చూడటానికి వెళ్లే ఆ పసుపు పూలచేనే బస్తర్ మెరకల్లోనూ ఉంది. వానలు తగ్గే వేళ చల్లితే అక్టోబరు, నవంబరుల్లో పూస్తుంది, తేనెటీగలను పిలుస్తుంది, గింజ చేతికొస్తుంది. మాల్‌లో మందారం, మెట్టతామర. గభార్‌లో రైతులు డబ్రీ అనే చిన్న కుంట తవ్వించి కలువ, తామర వెయ్యి. దాని గట్టు తడిలో మొగలి, అమర్‌కంటక్‌లో గుల్‌బకావలి అని పిలిచే తెల్లటి సువాసన పూల దుంపమొక్క హాయిగా బతుకుతాయి. పై మూడు మెట్ల నుంచి జారిన వాన ఆ కుంటకే చేరి, వేసవిలో మల్లెకు నీరవుతుంది.

మట్టి గురించి కూడా ఒకమాట చెప్పాలి. ఆ ఎర్రనేలలు ఎక్కువగా ఆమ్లగుణం ఉన్నవి. వాటిలోని ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టేసుకుని మొక్కకు అందనివ్వవు. అందుకే ఎరువు బస్తాలు గుమ్మరించినా పువ్వు రాలేదని కొందరు వాపోతుంటారు. అలాగని కనబడిన చోటల్లా సున్నం చల్లకు. నూరువరహాల చెట్టుకు ఆమ్లనేలే ఇష్టం, సున్నం పడితే ఆకు పాలిపోతుంది. పైగా కాంగేర్ లోయ వైపు, కుటుమ్‌సర్ గుహలున్న చోట, అడుగున ఉన్నదే సున్నపురాయి. కాబట్టి నాలుగు మెట్ల మట్టినీ నాలుగు సంచుల్లో విడివిడిగా పరీక్షకు పంపు. కుమ్హ్రావండ్‌లో షహీద్ గుండాధుర్ వ్యవసాయ కళాశాల ఉంది, అక్కడ అడుగు. ఆకుచెత్త, పేడ వేసే ఘురువా గుంత ఒకటి మెరకన పెట్టు. పల్లంలో పెడితే మొదటి వానకే సారం వాగు పాలవుతుంది.

బోరు, డ్రిప్పు ఉండగా ఈ మెట్ల గొడవ ఎందుకని నువ్వు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డ్రిప్పు దాహం తీరుస్తుంది, మునకను తీర్చదు. అక్కడ చామంతి, గులాబీల్లో ఎండకు చచ్చేవాటికంటే జూలైలో వేళ్లకు గాలి అందక చచ్చేవి తక్కువేం కాదు. నీళ్లు పెట్టడానికి యంత్రాలున్నాయి గాని, నాలుగు నెలలపాటు రోజూ మట్టిలోంచి నీళ్లు తీసేసే యంత్రం వాలు తప్ప ఇంకోటి లేదు. బోరు నీరైనా ఆ వానే కదా. ఓరుగల్లు నుంచి వెళ్లిన అన్నమదేవుడి వంశమని చెప్పుకునే బస్తర్ రాజుల్లో దళపతిదేవుడు జగదల్‌పూర్‌లో దళపత్ సాగర్ చెరువు తవ్వించాడు. ఇంత వాన పడే చోట అంత చెరువు అవసరమైందంటే, ఎనిమిది నెలల ఎండ ఎంతటిదో ఆలోచించు.

రెండో అభ్యంతరం గిరాకీది. పూలు కోరిన రోజుకు రాకపోతే తోట ఎందుకు, బస్తర్ దసరా 75 రోజుల పండగ, మన ఆషాఢ అమావాస్యకే మొదలవుతుంది, బంతి అప్పుడు కావాలి అంటావు. నిజమే. కాని నాటిన రెండు నెలలకు పూసే బంతిని దసరాకు కోయాలంటే జూలై వానలోనే నాటాలి. ఆ పని టిక్రా మీద కట్టలు తోలితే కుదురుతుంది, మాల్‌లో కుదరదు. అంటే పండగ తేదీ కూడా నిన్ను వాలు దగ్గరికే తీసుకొస్తుంది. చామంతి సంగతి వేరు. రాత్రులు పొడుగైతే తప్ప అది మొగ్గ తొడగదు, దసరాకు తొందరపెట్టి లాభం లేదు. ఇక కడియం నర్సరీల నుంచి లారీ దింపుదామన్న ఆలోచన పూర్తిగా తప్పనను. అయితే అవి గోదావరి ఒండ్రునేలలో, సముద్రమట్టానికి దగ్గరగా పెరిగినవి. జగదల్‌పూర్ 550 మీటర్ల ఎత్తున ఉంది, శీతాకాలపు రాత్రులు చల్లన. కనకాంబరం ఆ చలికి ముడుచుకుంటుంది. బంకమట్టి ముద్దతో వచ్చిన మొక్కను అలాగే గులకనేలలో దించితే పక్కకు వేరు పోదు. ముద్దను అంచుల్లో విప్పి, నీ నేల మట్టి కలిపి నాటు.

మూడో అభ్యంతరం నువ్వు రాయకపోయినా చూడటానికి వచ్చేవాళ్లు అంటారు: ఇలా విడగొడితే ఎప్పుడూ ఏదో ఒక మూల బోడిగా కనిపిస్తుందని. కనిపించనీ. అడవిని చూడు. మోదుగ, బూరుగ ఆకు రాల్చి ఎండలోనే పూస్తాయి, ఇప్ప మార్చి, ఏప్రిల్‌లో పూస్తుంది. అడవినాభి వానతో లేచి తీగసాగి, పూసి, ఎండాకాలమంతా దుంపగా భూమిలో దాక్కుంటుంది. ఎండలో పూసే బలం లోతు వేళ్ల చెట్లది, వానలో పూసే బలం దుంపలది. ఈ పనుల్ని మెట్ల మధ్య పంచితే ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట పువ్వుంటుంది. అన్ని మూలలా అన్ని నెలలూ రంగు కావాలనే ఆశే అతిగా పాకే మొక్కల్ని తెస్తుంది. అత్తాకోడళ్ల పూలంటూ ముద్దుగా పెంచే లాంటానా పరాయి దేశం నుంచి తోటల అలంకారానికి వచ్చిందే, ఇప్పుడు అడవుల్ని కమ్మేస్తోంది. గుర్రపుడెక్కదీ అదే కథ. దళపత్ సాగర్ దానితోనే అవస్థ పడింది. నీ వాగు ఇంద్రావతి వైపు పోయేది, డబ్రీలో వేసింది అక్కడ ఆగదు. ఆ రెండూ తోటలోకి రానివ్వకు. లోపల ఇప్పచెట్టు ఉంటే దాని పువ్వు ఏరుకునే ఆనవాయితీ ఏ ఇంటిదో ఊళ్లో అడిగి తెలుసుకో. ఏరడానికి వీలుగా ఎండుటాకు తగలబెట్టే అలవాటు ఉంది కనుక, మార్చికి ముందే దాని చుట్టూ శుభ్రం చేయించు.

అందుచేత ఈ జూన్‌కు మొక్కలు కొనకు. మాటీ తిహార్ పండగలో అక్కడివాళ్లు విత్తనం చల్లకముందే మట్టిని పూజిస్తారు. ఆ క్రమం నువ్వూ పాటించు. మొదటి వానాకాలమంతా వాన వెలిసిన ప్రతిసారీ నడిచి, నీళ్లు ఎక్కడ గంటలో ఇంకాయో, ఎక్కడ మర్నాటికీ నిలిచాయో మేకులు పాతి గుర్తుపెట్టు. పండగకు బంతి కావాలంటే ఒక్క టిక్రా చెక్కలో వేసి చూడు, చాలు. ఆగస్టు చివరికి నాలుగు మెట్ల హద్దులూ కాగితం మీదికి వస్తాయి. ఆ పటం, మట్టి పరీక్ష ఫలితాలు నాకు పంపు. నువ్వడిగిన పట్టిక అప్పుడు రాస్తాను, ఒకటి కాదు, నాలుగు.

ఇట్లు,
నీ మేనమామ