మంచం కింద కొత్త చుట్టం

"తెచ్చిన దగ్గర్నుంచీ మంచం కిందే ఉందక్కా. పిలిస్తే పలకదు, పెట్టింది ముట్టదు. నేనంటే ఇష్టం లేదేమో!" తార్నాకలో కొత్తగా పిల్లిని తెచ్చుకున్న ఏ అమ్మాయి దగ్గర కూర్చున్నా ఇదే మాట. ముందు ఆ చాయ్ తాగు తల్లీ, చల్లారిపోతోంది. దానికి నీ మీద కోపమూ లేదు, అలకా లేదు. ఉన్నదల్లా భయం.

దాని వైపు నుంచి ఒక్కసారి చూద్దామా? ఉస్మానియా క్యాంపస్‌లో ఏ హాస్టల్ మెస్సు వెనకో పుట్టింది. చెట్లు, పిట్టగోడలు, ఎండాకులు, మెస్సు వాళ్ళు పడేసే ఎముకలు, అదే దాని లోకం. కుక్కలు వెంటపడ్డాయనో, కాలికి దెబ్బ తగిలిందనో ఎవరో దయతలచి షెల్టర్‌కి చేర్చారు. అక్కడ బోను, ఇంజెక్షన్లు, చుట్టూ ఇరవై కొత్త వాసనలు. ఇప్పుడు నీ రెండు గదుల ఫ్లాట్. కుక్కర్ విజిల్, మిక్సీ, నెత్తిన తిరిగే ఫ్యాను, కింద మెయిన్ రోడ్డు హారన్లు. మనం హాస్టల్లో చేరిన మొదటి రాత్రి ఏం చేశాం చెప్పు? మెస్సులో ముద్ద దిగిందా? దుప్పటి ముసుగుతన్ని పడుకోలేదూ? అదీ అంతే.

కాబట్టి ఇల్లంతా దానికి ఒకేసారి చూపించకు. ఒక్క గది చాలు. తిండి, నీళ్ళు, మట్టి ట్రే, దాక్కోవడానికి పక్కకి తిప్పిన అట్టపెట్టె. ట్రేని తిండికి దూరంగా, గదికి అవతలి మూల పెట్టు. షాపులో కొన్న లిట్టర్ దానికి అర్థం కాకపోతే కంగారుపడకు, ఇన్నాళ్ళూ నేలనే తవ్వుకున్న ప్రాణి కదా. లిట్టర్ మీద పిడికెడు మట్టి చల్లు, తనే కనిపెట్టేస్తుంది. షెల్టర్‌లో అది పడుకున్న గుడ్డ ఏదైనా ఉంటే అడిగి తెచ్చుకో, అప్పుడే ఉతక్కు. కంపు కొట్టినా సరే, ఈ ఇంట్లో దానికి తెలిసింది ఆ వాసనొక్కటే.

ఇక నువ్వు చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. అది మనకు చాలా కష్టమని నాకూ తెలుసు. మంచం కింద చెయ్యి పెట్టి లాగొద్దు. ఫ్రెండ్స్‌ని పిలిచి చూపించొద్దు. ఆ గదిలోనే నేల మీద కూర్చుని నీ నోట్స్ చదువుకో, ఫోన్లో అమ్మతో మాట్లాడుకో, నీ గొంతు దానికి అలవాటు కానీ. చూపు కలిసిందా, గుడ్లు మిటకరించి చూడకుండా కళ్ళు మెల్లగా మూసి మెల్లగా తెరువు. ఇంగ్లండులో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని పరీక్షించి 2020లో ప్రచురించారు. అలా కళ్ళార్పే మనిషికి పిల్లులు కూడా అలాగే బదులిస్తాయట, అలా చేయనివాళ్ళ కంటే వాళ్ళ దగ్గరికే ఎక్కువగా వస్తాయట. ఒక రాత్రి నువ్వు పడుకున్నాక గిన్నె చప్పుడు వినిపిస్తుంది. లేవకు. లైటు వేయకు. తిననీ.

ఎన్నాళ్ళు పడుతుందంటావా? పిల్లుల్ని సాకేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఓ లెక్క చెబుతారు. బెదురు తగ్గడానికి రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి నెలలు. అది ఉజ్జాయింపు లెక్కేనమ్మా, క్యాలెండర్ మీద టిక్కులు పెట్టుకుంటూ కూర్చోకు. ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. పెద్ద పిల్లి వరసగా రెండు రోజులు ఏమీ తినకపోతే బెదురేలే అని ఊరుకోవద్దు, దాని కాలేయం దెబ్బతింటుంది. కూనైతే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతున్నా ఉచ్చ రావట్లేదంటే రాత్రయినా సరే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

తిండి దగ్గర మనిళ్ళలో పెద్ద పేచీ. "మాది శాకాహారం అక్కా, పెరుగన్నం పెడితే చాలదా?" చాలదు బంగారం. పిల్లికి టారిన్ అనే పోషకం కావాలి, అది మాంసంలో, చేపల్లో ఉంటుంది. లేకపోతే చూపు, గుండె రెండూ పాడవుతాయి. మనుషుల తిండి సంగతి చూడటానికి తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది కానీ, పిల్లి సంగతి చూడాల్సింది మనమే కదా! ఇంట్లో మాంసం వండనంటే షాపులో దొరికే పిల్లి ఫుడ్ పెట్టు, టారిన్ అందులో కలిపే ఉంటుంది. వండే ఇల్లయితే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు దానికి తోడు చేర్చు. ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకు, పిల్లులకవి విషం. పాలంటావా, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అవి అరగవు, విరేచనాలవుతాయి. నీళ్ళు పెట్టు.

విషమంటే గుర్తొచ్చింది, రేపటి నుంచి ఇల్లు తుడిచే బకెట్లో ఫినాయిల్ బంద్. మనం శుభ్రమనుకునే ఆ వాసన దానికి ప్రాణం మీదికొస్తుంది. తడి నేల మీద నడుస్తుంది, పాదాలు నాక్కుంటుంది, అందులోంచి లోపలికి పోయిన ఫినాల్‌ని దాని కాలేయం విరగ్గొట్టలేదు. పనమ్మకి కూడా నువ్వే దగ్గరుండి చెప్పు, ఆమె వాడే సీసా ఎక్కడుందో చూసి తీసెయ్యి. బట్టల్లో వేసే కలరా ఉండలూ అంతే. అన్నిటికన్నా ముందు పారాసిటమాల్. ఒళ్ళు వెచ్చగా ఉందని అర బిళ్ళ వేస్తే పిల్లి ప్రాణమే పోవచ్చు.

ఇక ఇంట్లో వాళ్ళు. పొద్దున్నే పిల్లి ఎదురొచ్చిందని నానమ్మ గొణుగుతుంది, గొణగనీ. ఇంట్లోనే ఉండే పిల్లి రోజుకి వందసార్లు ఎదురొస్తుంది, ఎన్నిసార్లని వెనక్కి తిరిగి కూర్చుంటుంది పాపం! కడుపుతో ఉన్న వదినకి పిల్లి వల్ల జబ్బొస్తుందని అత్తయ్య భయపడితే మాత్రం తేలిగ్గా తీసెయ్యకు, అందులో కొంత నిజముంది. ఆ జబ్బు తెచ్చే క్రిమి పిల్లి మలంలో ఉండొచ్చు. కానీ బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ ట్రేలో మలం ఎత్తేస్తే, ఆ పని వదిన కాకుండా నువ్వు చేస్తే, పచ్చిమాంసం పెట్టకపోతే భయం చాలావరకు తీరినట్టే. మనుషులకి సరిగ్గా ఉడకని మాంసం వల్ల కూడా అది వస్తుందని అత్తయ్యకి మెల్లగా చెప్పు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెద్దలు పెంపుడు జంతువులు వద్దంటూ తీర్మానం చేస్తే అది చెల్లదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అద్దె ఇంటి ఓనరుతో మాత్రం ముందే మాట్లాడుకో, సామాను దించాక కాదు.

టీకాల కార్డు షెల్టర్ వాళ్ళ దగ్గర అడిగి తీసుకున్నావా? జూబ్లీహిల్స్ బ్లూ క్రాస్ తెలుసుగా, అమల అక్కినేని 1992లో మొదలుపెట్టింది. అక్కడైనా, ఇంకెక్కడైనా అడగడానికి మొహమాటపడకు. మూడు నెలలు నిండితే రేబిస్ టీకా. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా వాయిదా వేయొద్దు, ఆడపిల్లి నాలుగైదు నెలలకే కడుపుతో కావచ్చు. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, మనకు దగ్గరే. ఆటోలో మూత ఉన్న బుట్టలో పెట్టుకెళ్ళు, ఒళ్ళో పెట్టుకుని కాదు.

నువ్వు స్టూడెంటువైతే ఇంకో మాట. పరీక్షలయ్యాక ఊరెళ్ళేటప్పుడు దీన్నేం చేస్తావో ఇప్పుడే ఆలోచించు. "మళ్ళీ మెస్సు దగ్గరే వదిలేస్తాలే" అన్నావంటే నాకు నిజంగా కోపమొస్తుంది. ఇంటి తిండికి, ఇంటి నిద్రకి అలవాటుపడ్డది కుక్కల మధ్య ఎలా బతుకుతుంది? తీసుకెళ్ళగలిగితేనే తెచ్చుకో, లేదంటే సెలవుల్లో చూసుకునే మనిషిని ముందే కుదుర్చుకో.

నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద దిగులు బాల్కనీ. క్యాంపస్ మనకు మరీ దగ్గర. ఆ దగ్గరే దానికి ముప్పు. ఇల్లు ఇంకా తనదనిపించని రోజుల్లో తలుపు సందు దొరికితే పాత చోటు వెతుక్కుంటూ బయల్దేరుతుంది, మధ్యలో తార్నాక చౌరస్తా ట్రాఫిక్. మూడో అంతస్తు నుంచి పడినా పిల్లికి ఏమీ కాదన్న మాట నమ్మకు, దవడలూ కాళ్ళూ విరిగి వచ్చేవి ఎన్నో. కనీసం ఒకట్రెండు నెలలు గడప దాటనివ్వకు, నన్నడిగితే ఎప్పటికీ దాటనివ్వకు. పావురాల నెట్ వేసేవాళ్ళ బోర్డులు మన గల్లీల్లో కరెంటు స్తంభానికొకటి ఉన్నాయిగా, ఈ ఆదివారమే ఒకడికి ఫోన్ చెయ్యి. కొలతలకి వచ్చినప్పుడు బాల్కనీ ఒక్కటే చూపించి పంపేయకు, బాత్రూమ్ వెంటిలేటర్ కూడా చూపించు.