‘బండి లాగట్లేదు’ అన్న దగ్గర మొదలయ్యే ఉద్యోగం

“బండి లాగట్లేదండీ, క్లచ్ పోయినట్టుంది.” వర్క్‌షాపు గేటు దగ్గర దాదాపు రోజూ వినిపించే మాట ఇది. ఇందులో మొదటి సగం కారు యజమాని అనుభవం, రెండో సగం ఆయన ఊహ. ఈ రెంటినీ విడదీసి వినగలిగిన పిల్లలకు ఆటోమొబైల్ సర్వీస్ రంగంలో పని దొరక్కపోవడం నేను చూడలేదు. అలా వినడం అలవాటు కానివాళ్లు పదేళ్లయినా చెప్పిన పార్టు మార్చే దగ్గరే ఆగిపోవడం మాత్రం చాలాసార్లు చూశాను. పదో తరగతి తర్వాత ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ తీసుకుందామనుకునేవారు, ఆటోమొబైల్ డిప్లొమా చేతిలో పెట్టుకుని సర్వీస్ సెంటర్ల ఇంటర్వ్యూలకు తిరుగుతున్నవారు ముందు ఒక కారు కథ వినాలి.

నేను ఫ్లోర్ మీద పనిచేస్తున్న తొలి రోజుల్లో ఒక పెట్రోల్ కారు వచ్చింది. నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు, లక్ష కిలోమీటర్లు దాటి తిరిగిన బండి. శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది కానీ బండి కదలట్లేదని, కాలిన వాసన కూడా వస్తోందని యజమాని చెప్పారు. రోడ్డు మీద నడిపి చూస్తే క్లచ్ స్లిప్ అవుతున్నట్టు స్పష్టంగా తెలిసింది. గేర్‌బాక్స్ దించాం. క్లచ్ ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి ఉంది. క్లచ్ సెట్ మొత్తం మార్చి బండి అప్పగించాం.

మూడో రోజు ఆయన కోపంగా తిరిగి వచ్చారు. “కొత్త క్లచ్ వేశాక బండి కుదుపులు మొదలయ్యాయి. ముందు ఇవి లేవు. మీరే ఏదో చెడగొట్టారు.”

మేం చెడగొట్టలేదు. కానీ ఆ మాట ఆయన నమ్మేలా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. బండి తీసుకున్న రోజు జాబ్ కార్డు మీద నేను రాసింది రెండే మాటలు: క్లచ్ స్లిప్. ఇంజిన్ ఎలా నడుస్తోందో చూడలేదు, రాయలేదు. ఆ బండికి నిజానికి రెండు జబ్బులున్నాయి. ఒకటి రెండోదాన్ని దాచిపెట్టింది.

అదెలాగో అర్థం చేసుకుంటే ఈ వృత్తిలో సగం పాఠం వచ్చినట్టే. ఇంజిన్‌లో ఒక సిలిండర్ సరిగా మండకపోతే, మన షెడ్డుల భాషలో ‘మిస్సింగ్ కొడితే’, ఆ లోపం ఎక్కువగా బయటపడేది బరువు మీద పడినప్పుడే. ఎత్తు ఎక్కేటప్పుడు, పై గేర్లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్ లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనపడిన ఇగ్నిషన్ కాయిల్, అరిగి గ్యాప్ పెరిగిన స్పార్క్ ప్లగ్ అక్కడే చేతులెత్తేస్తాయి. అరిగిన క్లచ్ ఉన్న బండిలో ఇంజిన్ మీద ఆ బరువు పూర్తిగా పడదు. యాక్సిలరేటర్ తొక్కగానే క్లచ్ జారి ఇంజిన్ వేగం పైకి లేచిపోతుంది. ఒకవేళ మిస్సింగ్ కొట్టినా జారుతున్న ప్లేటు ఆ కుదుపును చక్రాల దాకా పోనివ్వదు. కొత్త క్లచ్ గట్టిగా పట్టుకునేసరికి ఇంజిన్ మీద అసలు బరువు పడింది, పాత జబ్బు యజమాని వీపుకు తెలిసింది.

ముల్లు చెప్పే సాక్ష్యం

ఈ రెండు లోపాలను వేరుచేయడానికి మొదటి పరికరం డ్యాష్‌బోర్డు మీదే ఉంటుంది, ఆర్‌పీఎం మీటర్. క్లచ్ పూర్తిగా పట్టి ఉన్నంతసేపూ, ఒక గేర్లో ఇంజిన్ వేగానికీ బండి వేగానికీ నిష్పత్తి మారదు. ఇది హైస్కూల్లో నేర్చుకున్న అనులోమానుపాతమే. నాలుగో గేర్లో 50 కిలోమీటర్ల వేగం దగ్గర ముల్లు 1800 మీద ఉంటే, 75 కిలోమీటర్ల దగ్గర 2700 మీద ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కగానే ముల్లు 2700కు ఎగిరి, బండి ఇంకా 55 దగ్గరే ఉందంటే మధ్యలో ఏదో జారుతోంది. అది క్లచ్. ముల్లు లేవకుండా వణికితే, బండి ముందుకూ వెనక్కూ ఊగితే, సైలెన్సర్ శబ్దంలో లయ తప్పితే అది ఇంజిన్. ముల్లు, వేగం కలిసి నెమ్మదిగా, కుదుపుల్లేకుండా పెరుగుతుంటే ఈ రెండూ కాకపోవచ్చు. అప్పుడు పట్టేసిన బ్రేకు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, ఇంధనం సరిగా అందకపోవడం, టర్బో బండైతే హోస్ లీకు వంటివి వెతకాలి.

బండి నిలబెట్టి చేసే పరీక్ష ఇంకొకటి ఉంది. ముందు మనుషులెవరూ లేని ఖాళీ జాగాలో హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేర్ వేసి, కాస్త రేస్ ఇచ్చి క్లచ్ పెడల్ నెమ్మదిగా వదలాలి. క్లచ్ బాగుంటే ఇంజిన్ ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే స్లిప్ ఉన్నట్టు. దీన్ని ఒకసారికి మించి చేయకండి. ప్రతిసారీ ప్లేటు, ఫ్లైవీల్ వేడెక్కి ఇంకాస్త పాడవుతాయి.

స్లిప్ తేలగానే గేర్‌బాక్స్ దించేయడం కూడా తొందరపాటే. కేబుల్ క్లచ్ అయితే ముందు పెడల్ ఫ్రీ ప్లే, అంటే నొక్కడం మొదలుపెట్టగానే ఉండే ఖాళీ కదలిక, చూడాలి. అది లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ కొంచెం నొక్కుకునే ఉంటుంది, మంచి ప్లేటు కూడా జారుతుంది. ఒక్కోసారి నట్టు తిప్పి సర్దితే పని అయిపోతుంది. గేర్‌బాక్స్ దించాక ప్లేటు మీద ఆయిల్ కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టాలి. ఇంజిన్ వెనక సీలు నుంచైనా రావచ్చు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు నుంచైనా రావచ్చు. సీలు వదిలేసి సెట్ మాత్రం మారిస్తే కొత్త ప్లేటుకూ ఆయిల్ పట్టి యజమాని మళ్లీ వస్తారు. ప్లేటు తొందరగా అరిగిపోయిందంటే ఆయన కాలు ఎప్పుడూ పెడల్ మీదే ఉంటోందేమో, ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద బండి నిలబెడుతున్నారేమో మర్యాదగా అడగండి.

మిస్సింగ్ దగ్గరకొస్తే చాలామంది కొత్తవాళ్లు స్కానర్ తగిలించి, కోడ్ చదివి, వెంటనే పార్టు ఆర్డరిస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అలవాటిది. పీ0302 అని వస్తే రెండో సిలిండర్ మండటంలో లోపం ఉందని మాత్రమే అర్థం. అది కాయిలా, ప్లగ్గా, ఇంజెక్టరా, కంప్రెషన్ తగ్గిందా అన్నది కోడ్ చెప్పదు. ఆ సంగతి తేల్చాల్సింది మీరు. మిస్సింగ్‌ను కంప్యూటర్ ఎలా పసిగడుతుందో తెలిస్తే ఈ తేడా బోధపడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు వందసార్లు మండుతుంది. ఒక మంట తప్పితే క్రాంక్ షాఫ్ట్ తిరుగుడు ఆ క్షణానికి కొంచెం మందగిస్తుంది. క్రాంక్ సెన్సర్ ఆ మందగింపును పట్టుకుంటుంది, అది ఏ సిలిండర్ వంతో లెక్క చూసి కంప్యూటర్ నంబర్ వేస్తుంది. అది చూసింది మందగింపునే, కారణాన్ని కాదు.

ఆ రోజు కుదుపులతో తిరిగొచ్చిన ఆ బండికి వచ్చిందీ పీ0302యే. చివరికి మా మేస్త్రీ చేసింది రూపాయి ఖర్చులేని పని. ఇంజిన్ ఆపి, రెండో సిలిండర్ కాయిల్ మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చి, పాత కోడ్ చెరిపి మళ్లీ ఎత్తు రోడ్డు మీద నడిపారు. ఈసారి పీ0303 వచ్చింది. లోపం కాయిల్‌తోపాటు కదిలింది కాబట్టి దోషి కాయిలే. కోడ్ అక్కడే ఉండిపోయి ఉంటే ప్లగ్గులు, ఆ తర్వాత ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్ పరీక్ష చేసేవాళ్లం. చవకైనదీ సులువైనదీ ముందు, విప్పాల్సినది తర్వాత అన్న ఈ వరసను ఆయన ఏ బండి దగ్గరా తప్పేవారు కాదు.

షెడ్డులో నిలబెట్టి ఐడిల్‌లో చూస్తే ఆ ఇంజిన్ చక్కగా నడిచింది. అందుకే కోడ్‌తోపాటు స్కానర్‌లో దాగి ఉండే ఫ్రీజ్ ఫ్రేమ్ చదవడం నేర్చుకోండి. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, లోడ్, కూలెంట్ వేడి ఎంత ఉన్నాయో అది చెబుతుంది. అవే పరిస్థితులు రోడ్డు మీద తిరిగి కల్పించగలిగితే లోపం మీ కళ్లముందే బయటపడుతుంది. ఇంకో జాగ్రత్త. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూసే పాత పద్ధతి మానేయండి. అందులో వేల వోల్టులుంటాయి. పైగా మండని పెట్రోలు కేటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కాల్చేస్తుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, టపటపా మెరవడం వేరు. మెరుస్తోందంటే కన్వర్టర్ దెబ్బతినేంత మిస్సింగ్ ఉన్నట్టు. అలాంటి బండిని గట్టిగా తోలవద్దని యజమానికి ఫోన్‌లోనే చెప్పాలి.

చదువు, దారులు

పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడ్, మెకానిక్ డీజిల్ ఏడాది ట్రేడ్. కార్ల సర్వీసే లక్ష్యమైతే రెండేళ్లదే తీసుకోమంటాను, ఎలక్ట్రికల్ పునాది అందులో బాగా పడుతుంది. పాలిసెట్ రాసి మూడేళ్ల ఆటోమొబైల్ ఇంజినీరింగ్ డిప్లొమా చేయడం మరో దారి. డిప్లొమా తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఐటీఐ అవగానే నెల జీతం కోసం తొందరపడి ఏదో ఒక షెడ్డులో చేరిపోకండి. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద స్టైపెండుతో శిక్షణ ఇచ్చే చోటు చూసుకోండి. ఆర్టీసీ డిపోలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. బస్సు డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు కాబట్టి మిస్సింగ్ వెతుకులాట ఇంజెక్టర్ల వైపు వెళుతుంది. క్లచ్ పాఠం మాత్రం అక్కడ నేర్చుకున్నంత గట్టిగా ఇంకెక్కడా పట్టుబడదు.

ఉద్యోగంలో హెల్పర్, టెక్నీషియన్ తర్వాత దారి రెండుగా చీలుతుంది. మనుషులతో మాట్లాడటం ఇష్టమైతే సర్వీస్ అడ్వైజర్, లోపం వెతకడం ఇష్టమైతే డయాగ్నసిస్ టెక్నీషియన్. రెండోదానికే నా ఓటు. మిగతావాళ్లు చేతులెత్తేసిన బండి చివరికి వచ్చేది ఆ మనిషి దగ్గరికే. పాత కార్లు కొని అమ్మే సంస్థలకు ఇంజిన్, క్లచ్ పరిస్థితి పావుగంట టెస్ట్ డ్రైవ్‌లో తేల్చగలిగిన ఇన్‌స్పెక్టర్లు కావాలి. రవాణా శాఖలో అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు మెకానికల్, ఆటోమొబైల్ ఇంజినీర్లతోపాటు ఆటోమొబైల్ డిప్లొమా వారూ పోటీ పడుతుంటారు. హెవీ లైసెన్సు కూడా అడగవచ్చు కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ముందే ఆ పని చూసుకోవడం మంచిది.

“ఎలక్ట్రిక్ కార్లొస్తున్నాయి, వాటికి క్లచ్చే లేదు, ఇది నేర్చుకుని ఏం లాభం?” అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఇవాళ షోరూం నుంచి బయటికొస్తున్న మాన్యువల్ కారు ఇంకో పది పదిహేనేళ్లు రోడ్డు మీద ఉంటుంది. ఆటోమేటెడ్ మాన్యువల్ బండ్లలోనూ క్లచ్ ప్లేటు ఉంది, పెడల్ మాత్రమే లేదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 ఉద్గార నిబంధనలు వచ్చాక సెన్సర్లు పెరిగి, ఇంజిన్‌లో లోపం వెతికే పని మరింత నేర్పు కోరుతోంది. అయినా ఐటీఐలో ఉండగానే మల్టీమీటర్ వాడకం, వైరింగ్ డయాగ్రమ్ చదవడం క్షుణ్ణంగా నేర్చుకోండి. హైవోల్టేజ్ భద్రతా శిక్షణ దొరికితే వదులుకోవద్దు.

ఇంటర్వ్యూలో నేను ఇప్పటికీ అడిగే ప్రశ్న ఒకటే: “పికప్ లేదని కస్టమర్ అంటున్నారు. ముందు ఏం చేస్తావు?” స్కానర్ పెడతాను అనేవాళ్లు ఎక్కువ. ఎప్పటి నుంచి, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఎత్తులోనా మామూలు రోడ్డులోనా, ఏసీ వేస్తే తేడా ఉందా, వాసన వచ్చిందా, ఈ మధ్య ఏ పని చేయించారు అని కస్టమర్‌ను అడుగుతాను అన్నవారిని ఎంపిక చేసుకుంటాను. ఆ జవాబు బట్టీపడితే రాదు. ఈ వారంలోనే ఇంట్లోదో, తెలిసినవారిదో ఆర్‌పీఎం మీటరున్న మాన్యువల్ కారు చూసుకోండి. లైసెన్సున్నవారు నడుపుతుంటే పక్క సీట్లో నోట్‌బుక్కుతో కూర్చుని మూడు, నాలుగు, ఐదు గేర్లలో 40, 50, 60 కిలోమీటర్ల దగ్గర ముల్లు ఎక్కడుందో రాసుకోండి. ఐదారు బండ్లకు ఇలా రాశాక, ఏడో బండిలో లెక్క ఎక్కడ తప్పుతోందో మీకే కనబడుతుంది.